మన్యం యాత్రకు బయల్దేరే ముందు... బస చూసుకోండి, లెక్క రాసుకోండి

సంక్రాంతి వెళ్లి పది రోజులైంది. పెద్దాపురం మెయిన్‌రోడ్డులోని టీ కొట్టు దగ్గర నలుగురు రైతులు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో రెండెకరాల కర్రపెండలం రైతు ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి, "అన్నవరం, తిరపతి తప్ప మనమేం చూశామండీ? హైదరాబాదోళ్లంతా కార్లేసుకొచ్చి మన మారేడుమిల్లి చూసిపోతున్నారు. కూతవేటు దూరంలో ఉన్న మనం మాత్రం చూళ్లేదు" అన్నారు. పక్కనున్న కుర్రాడు, "అయితే పోదాం బాబాయ్, ఫోను కొడితే రూములిస్తారు" అన్నాడు. మాట మీద మాట పెరిగి, పన్నెండుమందిమి తయారయ్యాం. అందులో ఆడవాళ్లు నలుగురు.

ఫోనులో మూడు గదులు మాట్లాడుకున్నాం. మూడు వేలు అడ్వాన్సు పంపాం. శనివారం పొద్దు గూకాక అక్కడ దిగితే మా కోసం ఉన్నది ఒకే గది, రెండు గుడారాలు. "వీకెండ్ కదండీ, ముందొచ్చినోళ్లకు ఇచ్చేశాం. ఒక్క రాత్రికి సర్దుకోండి" అన్నాడు అక్కడి మనిషి. గది ఆడవాళ్లకిచ్చి మగవాళ్లం ఎనిమిదిమందిమి గుడారాల్లో పడుకున్నాం. మాఘమాసపు మన్యం చలికి దుప్పటి చాల్లేదు. అందరికీ ఒక్కటే మరుగుదొడ్డి. తెల్లారేసరికి అందులోనూ నీళ్లు లేవు. అడ్వాన్సులో ఎంతో కొంత తిరిగిమ్మంటే, "రసీదుందా?" అని అడిగాడు. మా దగ్గర రసీదు లేదు.

తిరుగు ప్రయాణంలో మాలో పెద్దాయన ఒక మాటన్నారు. "మిల్లులో ధాన్యం తూకం వేయిస్తే కాటా ముల్లు చూడకుండా వదుల్తామా? ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూడకుండా బేరం చేస్తామా? మరిక్కడెందుకు కళ్లు మూసుకున్నామంటావ్?" నిజమే మరి. ఆ మరుసటి ఏడు అదే పన్నెండుమందిమి ముందుగా అన్నీ అడిగి, రాసుకుని మళ్లీ వెళ్లాం. హాయిగా తిరిగొచ్చాం. ఆ రెండు ప్రయాణాల్లో నేర్చుకున్నది తోటి రైతులకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ఎప్పుడు వెళ్లాలి?

మారేడుమిల్లి, రంపచోడవరం ప్రాంతం చూడటానికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వానలు వెనక్కు తగ్గి, కొండ వాగులు ఇంకా పారుతుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో వాగులు సన్నబడతాయి, ఎండ చుర్రుమంటుంది. జులై, ఆగస్టుల్లో అడవి పచ్చగా ఉన్నా వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి, ఘాట్‌రోడ్డు మీద చెట్లు, బండలు పడతాయి.

రైతుకు తీరిక ఎప్పుడనేది కూడా చూసుకోవాలి. డెల్టాలో వరి వేసేవారికి సార్వా పంట పొట్ట దాటి గింజ పాలు పోసుకునే రోజుల్లో రెండు రోజులు ఖాళీ చిక్కుతుంది. దాళ్వా వేయనివారికి సంక్రాంతి తర్వాత తీరికే. మెట్టలో కర్రపెండలం రైతులు తవ్వకాలకు ముందో, సరుకు మిల్లుకు తోలేశాకో వెళ్లొచ్చు. పాడి పశువులున్నవారు మేత, పాలు పితికే పని ఎవరికప్పగించాలో ముందుగా తేల్చుకోవాలి. ఇంటి దగ్గర గేదె అరుస్తుంటే ఎంత జలపాతమైనా కంటికి ఆనదు.

ఇక్కడ ఉద్యోగస్తులకు లేని సౌకర్యం ఒకటి రైతుకుంది. మనకు ఆదివారం, మంగళవారం ఒకటే. శని, ఆదివారాల్లో, కార్తీకమాసపు సెలవుల్లో మన్యమంతా కిటకిటలాడుతుంది, గదుల అద్దెలు పెరుగుతాయి. మంగళ, బుధవారాల్లో వెళితే గది దొరుకుతుంది, అద్దె తగ్గుతుంది, చెప్పేవారికి తీరిక ఉంటుంది. పరిశోధనా స్థానాల్లాంటివి చూడాలన్నా పనిదినాల్లోనే వెళ్లాలి.

దారి, బండి

పెద్దాపురం నుంచి జగ్గంపేట, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 90 కిలోమీటర్లు. గోకవరం దాటాక మన్యం మొదలవుతుంది. రాజమండ్రి నుంచైతే దాదాపు 85 కిలోమీటర్లు. రాజమండ్రి, గోకవరం నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. ఇద్దరు ముగ్గురైతే బస్సే చవక. కాకపోతే మారేడుమిల్లి చుట్టుపక్కల తిరగడానికి అక్కడ ఆటోనో జీపో మాట్లాడుకోవాలి.

పదిమంది దాటితే టెంపో లాంటి బండి కట్టుకోవడం మేలు. బండి కట్టేటప్పుడు ఈ నాలుగూ చూడండి. నంబరు పలక పసుపు రంగుదా? బండికి ఫిట్‌నెస్, బీమా కాగితాలు చెల్లుబాటులో ఉన్నాయా? డ్రైవరు ఘాట్‌రోడ్డు మీద తోలినవాడేనా? రాత్రి పడుకోవడానికి అతనికి చోటుందా? రాత్రంతా సీట్లో కునికిన డ్రైవరు పొద్దున్నే మలుపులు తిప్పితే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. కొబ్బరికాయలు, పెండలం దుంపలు తోలే ట్రక్కు ఆటోలో, ట్రాక్టరు తొట్టిలో మనుషుల్నెక్కించుకుని కొండెక్కవద్దు. సరుకు బండిలో ఎక్కిన ప్రయాణికులకు ప్రమాదం జరిగితే బీమా డబ్బు రావడం కష్టం. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ మరీ ప్రమాదకరం. 2019 అక్టోబరులో ఆ ఘాట్‌లోనే యాత్రికుల బండి లోయలో పడి ప్రాణనష్టం జరిగింది. ఆ దారిలో పొద్దు గూకాక ప్రయాణం పెట్టుకోవద్దు.

ఖర్చు లెక్క ముందే రాసుకోండి

లెక్క వేసే పద్ధతి తెలియడానికి ఒక ఉదాహరణ ఇస్తున్నాం. అంకెలు అప్పటి ధరలను బట్టి మార్చుకోవాలి. పన్నెండుమంది, రెండు పగళ్లు, ఒక రాత్రి అనుకుందాం.

బండికి మొత్తం 9,000 రూపాయలైతే తలకు 750. నలుగురు పట్టే గది 2,000 చొప్పున మూడు గదులకు 6,000, తలకు 500. తిండికి తలకు 500. ప్రవేశ రుసుములు, అక్కడి జీపు కింద 250. అనుకోని ఖర్చుకు 200. మొత్తం తలకు 2,200 అవుతుంది.

ఇప్పుడు చివరి నిమిషంలో నలుగురు రామన్నారనుకోండి. గదులు రెండు చాలు, కాబట్టి గది ఖర్చు మారదు. కాని బండి కిరాయి తగ్గదు. ఎనిమిదిమందికి తలకు 1,125 పడుతుంది. మొత్తం 2,575 అవుతుంది. అంటే వచ్చినవారి మీద 375 అదనపు భారం. అందుకే పేరు ఇచ్చినవారి దగ్గర సగం డబ్బు ముందే వసూలు చేయాలి. మానేస్తే బండి వాటా తిరిగి రాదని మొదట్లోనే చెప్పేయాలి. స్నేహాలు చెడకుండా ఉండాలంటే లెక్క సూటిగా ఉండాలి.

ఈ డబ్బు కోసం పంట అప్పులో నుంచి తీయడం, పుస్తె తాకట్టు పెట్టడం వంటివి ఎంతమాత్రం పనికిరావు. డ్వాక్రా సంఘం పద్ధతిలో నెలకు 200 చొప్పున దాస్తే పదకొండు నెలల్లో 2,200 జమవుతుంది. పన్నెండో నెలలో ప్రయాణం. వ్యవసాయశాఖ ఆత్మ పథకం కింద రైతులను విజ్ఞాన యాత్రలకు తీసుకెళ్లే ఏర్పాటు ఉంది. మీ మండల వ్యవసాయాధికారిని అడిగి, ఆ జాబితాలో మీ బృందానికి చోటుందేమో కనుక్కోండి.

బస ఎన్ని రకాలు?

మారేడుమిల్లిలో ముఖ్యంగా మూడు రకాల బసలున్నాయి. మొదటిది, అటవీశాఖ ఆధ్వర్యంలో వన సంరక్షణ సమితుల భాగస్వామ్యంతో నడిచే వసతి. అక్కడ వంట, కాపలా, దారి చూపడం వంటి పనుల్లో స్థానిక గిరిజనులకు ఉపాధి దొరుకుతుంది. వచ్చిన ఆదాయంలో కొంత ఊరికి చేరుతుంది. వలమూరు దగ్గర అడవిలో విడిది, మదనికుంజ్ విహారస్థలం వంటివి ఈ పర్యావరణ పర్యాటకంలో భాగంగా ఏర్పడ్డవే. రెండోది, ప్రైవేటు లాడ్జీలు, రిసార్టులు. వీటిలో శుభ్రంగా ఉండేవీ ఉన్నాయి, బోర్డు తప్ప మరేమీ లేనివీ ఉన్నాయి. మూడోది, గుడారాలు. కుర్రాళ్లకు సరదాయే గాని, మోకాళ్ల నొప్పులున్నవారికి, ఆడవాళ్లకు, పిల్లలకు ఇబ్బంది.

మారేడుమిల్లిలో గది దొరక్కపోతే రంపచోడవరంలో దిగొచ్చు. ఇరవై ఏడు కిలోమీటర్ల దూరమే. పెద్ద ఊరు, ఆస్పత్రి ఉంది, భోజనం హోటళ్లు ఉన్నాయి. పొద్దున్నే బయల్దేరి కొండెక్కి, సాయంత్రానికి దిగొచ్చు. అడవిలో నిద్రపోయామన్న తృప్తి ఉండదు గాని, జేబుకు తేలిక.

బస మాట్లాడేటప్పుడు పది ప్రశ్నలు

ఒకటి: గదులెన్ని, ఒక్కో గదిలో మంచాలెన్ని, అదనపు పరుపుకు ఎంత? "గది" అంటే గోడలున్న గదేనా, గుడారమా? ఈ మాట విడమర్చి అడగండి. మేం మోసపోయింది ఇక్కడే.

రెండు: మరుగుదొడ్డి గదిలోనే ఉందా, బయట ఎంతమందికి ఒకటి?

మూడు: నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? బోరా, ఊటా, ట్యాంకరా? వేసవిలో నిలుస్తాయా? స్నానానికి వేణ్నీళ్లిస్తారా?

నాలుగు: దోమతెరలు ఉన్నాయా? కిటికీలకు జాలీ ఉందా?

ఐదు: అద్దెలో టిఫిను, భోజనం కలిసి ఉన్నాయా? విడిగా అయితే ప్లేటు ఎంత? మన వంట మనం వండుకోనిస్తారా?

ఆరు: కరెంటు పోతే ఏం చేస్తారు? ఫోను అందుతుందా?

ఏడు: తారురోడ్డుకు ఎంత దూరం? మన బండి గుమ్మం దాకా వెళ్తుందా?

ఎనిమిది: పన్ను కలిపి చెప్పిన ధరేనా? బండి నిలిపినందుకు, నెగడు వేసినందుకు విడిగా తీసుకుంటారా?

తొమ్మిది: మేం రాలేకపోతే అడ్వాన్సు ఎంత తిరిగిస్తారు? మీరు గది ఇవ్వలేకపోతే ఎంతిస్తారు? ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు, అడగాల్సింది అదే.

పది: అక్కడ పనిచేసేవారు ఏ ఊరివారు? కూరగాయలు, కోళ్లు, బియ్యం ఎక్కడ కొంటారు? చెత్త, మురుగు ఎక్కడికి పంపుతారు?

ఈ పదో ప్రశ్న ఎందుకా అనిపించవచ్చు. గేటుకు ఆకుపచ్చ రంగేసి, పూరికప్పు వేసి "పర్యావరణ విడిది" అని రాసుకున్నంత మాత్రాన అది పర్యావరణానికి మేలు చేసినట్టు కాదు. మురుగు వాగులోకి వదిలి, ప్లాస్టిక్ సీసాలు పెరట్లో తగలబెట్టే చోట ఉంటే, ఆ వాగు నీళ్లు తాగే కింది ఊరి రైతుకు మనమూ కీడు చేసినవాళ్లమే. దీన్ని పసిగట్టడం రైతుకు కష్టమేం కాదు. వెనక్కు వెళ్లి మురుగుకాలవ ఎటు పారుతోందో చూస్తే చాలు, కథ తెలిసిపోతుంది.

మాట్లాడిన ధర, గదుల సంఖ్య, తేదీ ఫోనులో సందేశంగా పెట్టమనండి. డబ్బు పంపినట్టు ఆధారం దాచుకోండి. అడ్వాన్సు మూడో వంతు మించకుండా చూసుకోండి. వీలైతే మీలో ఒకరు వారం ముందు బస్సెక్కి వెళ్లి, కళ్లారా చూసి రావడం అన్నింటికంటే మంచిది. రెండోసారి మేం చేసింది అదే. ఆ ఒక్క బస్సు టికెట్టు ఖర్చు మాకు వేలు మిగిల్చింది.

రైతు చూడాల్సినవి ఏమిటి?

జలపాతాల కోసమే పోతే ఒక పూట చాలు. జలతరంగిణి, అమృతధార జలపాతాలు అందరూ చూస్తారు. గుడిస కొండ మీద పచ్చికబయళ్లు చూడటానికి వెళ్లేవారూ ఎక్కువే. అక్కడికి వెళ్లే అనుమతులు, ఆంక్షలు మారుతుంటాయి కాబట్టి అటవీశాఖ వారిని ముందే అడగాలి.

రైతు కళ్లతో చూడాల్సినవి వేరే ఉన్నాయి. మారేడుమిల్లి దగ్గర చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియం తీగ కనిపిస్తాయి. పైన నీడనిచ్చే చెట్టు, దాని మొదలుకు మిరియం, కింద కాఫీ. ఒకే నేలలో మూడు అంతస్తుల పంట. కోనసీమ, డెల్టా కొబ్బరితోటల్లో కోకో, మిరియం అంతరపంటలుగా వేయడం ఇలాంటి ఆలోచనే. నీటి వసతిలేని మన మెట్ట ఎర్రనేలల్లో మిరియం పెట్టి నష్టపోవద్దు గాని, తోట నేలను ఖాళీగా ఉంచకూడదన్న పాఠం మాత్రం ఎవరికైనా పనికొస్తుంది.

చూసి ముచ్చటపడి దారి పక్కన అమ్మే మిరియం తీగలు తెచ్చుకోకండి. తీగతో పాటు కుళ్లు తెగులు కూడా మీ తోటకొస్తుంది. ప్రభుత్వ నర్సరీలలో, పరిశోధనా స్థానాల్లో ఇచ్చే మొక్కలే నాటండి.

రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధనా స్థానం ఉంది. అక్కడ తాటిచెట్టు మీద పరిశోధన జరుగుతోంది. నీరా, తాటిబెల్లం, ముంజలు, తేగలతో ఏయే సరుకులు తయారు చేయవచ్చో తెలుసుకోవచ్చు. మన మెట్ట గట్ల మీద తాళ్లు ఎవరూ పట్టించుకోకుండా నిలబడి ఉన్నాయి. కాబట్టి ఈ ఒక్క మజిలీ మన ప్రయాణ ఖర్చుకు సరిపోతుంది. పది రోజుల ముందే ఉత్తరం రాసో, ఫోను చేసో వెళ్తే శాస్త్రవేత్తలు సమయం కేటాయించే వీలుంటుంది.

సంతరోజున వెళ్తే గిరిజనులు చింతపండు, కొండచీపుర్లు, తేనె, జీడిపిక్కలు తేవడం చూస్తారు. ఇలాంటి అటవీ ఉత్పత్తుల్ని కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. పచ్చి సరుకు అమ్మే గిరిజనుడికి వచ్చేదెంత, అదే శుభ్రం చేసి సీసాలోనో పొట్లంలోనో పెడితే వచ్చేదెంత, పక్కపక్కన పెట్టి చూడండి. దుంపలు తవ్వి సగ్గుబియ్యం మిల్లుకు తోలే మన సంగతీ అదే కదా అని మీకే అనిపిస్తుంది.

ఆతిథ్యమిచ్చేవారూ రైతులే

కొండరెడ్లు, కోయదొరలు మనలాగే భూమిని నమ్ముకున్నవాళ్లు. సామలు, చోళ్లు, కంది పండించుకుంటారు. పోడు మీద, అడవి మీద తెల్లదొరలు పెట్టిన ఆంక్షలు, అధికారుల వేధింపులు భరించలేక ఈ రంప మన్యం ఎన్నిసార్లు తిరగబడిందో, 1922–24 మధ్య అల్లూరి సీతారామరాజు వెంట ఎలా నడిచిందో మనకు తెలిసిందే. అలాంటి నేల మీదికి అతిథిగా వెళ్తున్నామని గుర్తుంచుకోవాలి.

ఇళ్లల్లోకి తొంగి చూడటం, అడగకుండా ఫొటోలు తీయడం తప్పు. సంతలో గిరిజన మహిళ పది రూపాయలు చెప్పిన సీతాఫలాన్ని మూడుకు అడిగేవారిని చూశాం. మన కూరగాయల్ని దళారి అలా అడిగితే మన కడుపు మండదా? బొంగులో చికెన్ అందరూ తింటారు. ఆర్డరు ఇచ్చే ముందే ధర, తూకం అడిగి, సరేననుకున్నాక పూర్తి డబ్బివ్వండి. ఆ కాల్చేవాడికి ఆ రోజు కూలి అదే.

ప్రాణం కంటే ఫొటో గొప్పది కాదు

2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గర వాగు ఒక్కసారిగా పొంగి ముగ్గురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయారు. చదువుకున్న పిల్లలు, ఈత వచ్చినా ఆ ఉధృతికి ఎవరూ నిలవలేరు. మనం నిలబడ్డచోట ఎండ కాస్తున్నా పై కొండ మీద వాన పడితే చాలు. నీళ్లు ఎర్రబడ్డా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా తక్షణం ఒడ్డుకు వచ్చేయాలి. కాలవ గట్టున పుట్టిన మనకు నీళ్ల భయం తక్కువ. అదే ప్రమాదం. కాలవ వేరు, కొండవాగు వేరు.

పాపికొండల లాంచీ ఎక్కాలనుకునేవారు 2019 సెప్టెంబరు 15ను మరవద్దు. గోదావరి వరదలో ఉండగా దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి యాభైమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. నది పోటు మీద ఉంటే ప్రయాణం మానుకోండి. లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకోవడం కాదు, తాళ్లు బిగించి కట్టుకోండి. ఉక్కపోస్తోందని విప్పకండి.

మన్యంలో మలేరియా ఉంది. సాయంత్రం నిండు చేతుల చొక్కా వేసుకోండి, దోమతెరలో పడుకోండి. తిరిగొచ్చిన నెల రోజుల్లోపు జ్వరం, వణుకు వస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఊరుకోకుండా, ఆస్పత్రికి వెళ్లి "మన్యం వెళ్లొచ్చాం" అని చెప్పి రక్త పరీక్ష చేయించుకోండి. బీపీ, షుగరు మందులు వాడేవారు నాలుగు రోజులకు సరిపడా వెంట ఉంచుకోండి. అక్కడ అన్ని మందులూ దొరకవు.

ఇతర దేశాల్లో ఎలా చేశారు?

కోస్టారికా అని మధ్య అమెరికాలో ఒక చిన్న ఉష్ణదేశం ఉంది. విస్తీర్ణం దాదాపు 51 వేల చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలను కలిపి మూడింతలు చేస్తే అంతకు కాస్త ఎక్కువే అవుతుంది. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశం అది. పశువుల మేతకోసం, పంటలకోసం అడవులు నరికి నరికి 1980ల నాటికి చాలావరకు పోగొట్టుకుంది. తర్వాత కళ్లు తెరిచింది. తన భూమిలో అడవిని నిలిపిన రైతుకు ప్రభుత్వం డబ్బు చెల్లించే పద్ధతి 1997లో మొదలుపెట్టింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం పెట్రోలు, డీజిలు మీద వేసిన పన్ను నుంచి వస్తుంది. ఇప్పుడు దేశంలో సగానికి పైగా మళ్లీ చెట్ల నీడలో ఉంది. ఆ అడవి చూడటానికి ప్రపంచమంతా వస్తోంది. హోటలు పర్యావరణానికి చేసే మేలును లెక్కగట్టి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటూ అక్కడుంది. చిన్న కాఫీ రైతులు తమ తోటను చూపించి, తమ కాఫీ పోసి, తమ పొడి అమ్ముకుంటారు.

అంత దూరం ఎందుకు, మన కేరళలోని కుమరకోంలో 2008లో బాధ్యతాయుత పర్యాటకం మొదలుపెట్టారు. హోటళ్లు తమ వంటకు కావలసిన కూరగాయలు చుట్టుపక్కల రైతుల దగ్గర, కుటుంబశ్రీ మహిళల దగ్గర కొనేలా ఏర్పాటు చేశారు. యాత్రికుడు గదికిచ్చిన రూపాయిలో కొంత పొలం గట్టు దాకా నడిచింది.

మన ఊళ్లో సాధ్యమా?

పెద్దాపురంలో పాండవుల మెట్ట ఉంది. ఆషాఢంలో నెల రోజులకు పైగా మరిడమ్మ జాతర జరుగుతుంది. చుట్టూ పెండలం, జీడిమామిడి తోటలున్నాయి, సగ్గుబియ్యం మిల్లులున్నాయి. "మనింట్లోనూ రెండు గదులు అద్దెకిస్తే?" అని కొందరికి అనిపించొచ్చు. ఆలోచన మంచిదే. యజమాని ఆ ఇంట్లోనే ఉంటూ ఒకటి నుంచి ఆరు గదులు అతిథులకిచ్చే గృహబసలను గుర్తించే పథకం కేంద్ర పర్యాటకశాఖకు ఉంది. రాష్ట్రంలో 2024లో వచ్చిన పర్యాటక విధానం కూడా గృహబసలకు చోటిచ్చింది.

అయితే తొందరపడి అప్పు తెచ్చి కాటేజీలు కట్టొద్దు. ముందు ఉన్న ఇంటినే చూసుకోండి. శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీళ్లు, ఆడవాళ్లకు భద్రత. ఈ మూడూ లేకుండా అతిథిని పిలవొద్దు. జాతర రోజుల్లో మూడు వారాలు భోజనం పెట్టి చూడండి. నాలుగు డబ్బులు మిగిలితే ముందుకెళ్లండి, మిగలకపోతే అక్కడే ఆగండి. పొలమే మన బతుకు. అతిథి రాబడి కూరలో ఉప్పులా ఉండాలి గాని, కూరే కాకూడదు.

ఇంటికొచ్చాక

2022లో జిల్లాల విభజనతో పెద్దాపురం కాకినాడ జిల్లాలోకి, మారేడుమిల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. జిల్లాలు విడిపోయినా కొండ మీద పడ్డ వాన కిందికే వస్తుంది. కొండ మీద చెట్టుంటేనే కింద మన చెరువులో, కాలవలో నీళ్లుంటాయి. అందుకే మన్యం యాత్ర మనకు వట్టి వినోదం కాదు.

తిరిగొచ్చిన వారం లోపల అందరూ ఒక సాయంత్రం కూర్చోండి. ఎంత ఖర్చయింది, ఎక్కడ మోసపోయాం, ఏం నేర్చుకున్నాం అని ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం తర్వాత వెళ్లేవారికి ఇవ్వండి. మా పుస్తకం ఇప్పుడు పక్క ఊళ్లో ఉంది. మొన్న ఆ పెద్దాయన కనబడి, "ఈసారి మా ఆవిడ అడుగుతోందండి, ఎప్పుడు పోదామని. మంగళవారమైతే నేను తయారు. గుడారమైతే మాత్రం రాను" అన్నారు. ఆయన గట్టున ఉన్న తాళ్లకు ఇప్పుడు నంబర్లు వేసి ఉన్నాయి. ఏ చెట్టుకు ఎన్ని గెలలు వస్తున్నాయో ఈ ఏడు లెక్క రాస్తున్నారట.